చెంగ్డులో షువే తావ్ టూర్: కాగితం దగ్గర బంగారం, ప్రేమకథ దగ్గర సాగతీత

చెంగ్డు వెళ్లే మనవాళ్లు చాలామంది పాండాలు చూసి, నోరు మండే హాట్‌పాట్ తిని, ఇంకో రోజు మిగిలితే లెషాన్ బుద్ధుడి దగ్గరికి పోయి వచ్చేస్తారు. అవన్నీ మేమూ చూశాం, బాగున్నాయి. కానీ నేను ఈ రివ్యూ రాస్తున్నది వాటి గురించి కాదు. పన్నెండు వందల ఏళ్ల కిందట ఆ ఊళ్లో బతికిన షువే తావ్ అనే గణిక, కవయిత్రి పేరు మీద నడిపే ఒక సగం రోజు టూర్ గురించి. చెల్లీ నేనూ వెళ్లాం. మనిషికి 420 యువాన్లు, అంటే మన లెక్కలో దాదాపు ఐదు వేలు. అందులో పార్కు టికెట్టు, టీ, చివర్లో కాగితం తయారు చేసే క్లాసు అన్నీ కలిసే ఉన్నాయి. గ్రూపు చిన్నది, గైడ్ ఇంగ్లిష్ బాగా మాట్లాడతాడు.

సంస్థ పేరు రాయడం లేదు. చిన్నవాళ్లు, పైగా నా ఫిర్యాదు ఒక గైడ్ కథ చెప్పిన తీరు మీదే. మీరు ఎవరి దగ్గర బుక్ చేసుకున్నా ఏం అడగాలో, దేనికి ఎక్కువ టైమ్ ఇవ్వమనాలో తెలిస్తే చాలని రాస్తున్నాను. ఒక్క మాటలో చెప్పాలంటే, డబ్బుకు తగిన టూరే, కాకపోతే షువే తావ్‌ని ఎవరో వదిలేసిపోయిన ప్రియురాలిగా చూపించే భాగం సగానికి తగ్గించి, ఆమె చేతిపనినీ కలాన్నీ చూపించే భాగం రెట్టింపు చేస్తే చెంగ్డులో దీన్ని మించింది ఉండదు.

ఆమె ఎవరో తెలియకుండా వెళ్తే అక్కడ వెదురు పొదలు తప్ప ఏమీ కనిపించవు, కాబట్టి కాస్త చెప్తాను. పుట్టిన ఏడు 768 అని కొందరు, 770 అని కొందరు అంటారు, పోయింది 831లోనో 832లోనో. తాంగ్ వంశం పాలన. తండ్రి షువే యున్ రాజధాని చాంగాన్ నుంచి ఉద్యోగం మీద సిచువాన్‌కి వచ్చిన చిన్న అధికారి. పెరట్లో పెద్ద చెట్టును చూసి ఆయన "మాను మబ్బుల్లోకి దూసుకుపోయింది" అని పద్యం ఎత్తుకుంటే, ఎనిమిదో తొమ్మిదో ఏళ్ల ఆ పిల్ల "కొమ్మలు ఉత్తరం దక్షిణం పక్షుల్ని ఆహ్వానిస్తాయి, ఆకులు వచ్చే గాలినీ పోయే గాలినీ సాగనంపుతాయి" అని పూర్తి చేసిందట, ఆడపిల్ల నోట వచ్చేపోయేవాళ్ల మాట వచ్చిందేమిటని తండ్రికి దిగులు పట్టుకుందట. ఆమె బతుకు ఎటు పోయిందో తెలిశాక ఎవరో కట్టిన కథలాగే ఉంది నాకు. అయినా ఆ రెండు పాదాలు మాత్రం పిల్లల పద్యంలా లేవు.

తండ్రి పోయాక తల్లీ కూతురూ దిక్కులేని వాళ్లయ్యారు. పదహారో ఏడు ప్రాంతంలో ఆమె పేరు ప్రభుత్వ సంగీత రిజిస్టర్‌లోకి ఎక్కింది. ఆ రిజిస్టర్‌లో ఉన్న ఆడవాళ్లు గవర్నర్ విందుల్లో మద్యం పోయాలి, పాడాలి, వాయించాలి, వచ్చిన అతిథి స్థాయిని బట్టి అప్పటికప్పుడు పద్యం అల్లాలి, తాగుడు ఆటల్లో ఓడిన వాళ్లకు శిక్షలు వేసి సభను నవ్వించాలి. సర్కారు ఉద్యోగమే, మానేసే హక్కు మాత్రం లేదు.

అప్పటి గవర్నర్ వెయ్ గావ్. 785 నుంచి 805 దాకా ఇరవై ఏళ్లు ఆ ప్రాంతాన్ని ఏలాడు. లెషాన్‌లో మనం తల వెనక్కి వాల్చి చూసే 71 మీటర్ల బుద్ధుడి పని ఎన్నో దశాబ్దాలు సాగి సాగి, చివరికి 803లో పూర్తయింది ఈయన చేతుల మీదుగానే. ఈ సంగతి మా గైడ్ చెప్పలేదు, చెప్పాల్సింది. గ్రూపులో అందరూ లెషాన్ చూసొచ్చిన వాళ్లమే, ఆ ఒక్క మాటతో వెయ్ గావ్ అనే పేరు మాకు మనిషిగా మారిపోయేది.

టూర్ మొదలయ్యేది వాంగ్‌జియాంగ్ లౌ పార్కులో, జిన్‌జియాంగ్ నది ఒడ్డున, సిచువాన్ యూనివర్సిటీ పక్కనే. పార్కులో చాలా భాగం ఉచితం, పాత కట్టడాలున్న చోటికి మాత్రం టికెట్టు, మేం వెళ్లినప్పుడు 20 యువాన్లు. మధ్యలో నిలబడే మేడ చోంగ్లీ గ. 39 మీటర్ల ఎత్తు, కింది రెండు అంతస్తులు నలుచదరం, పై రెండు ఎనిమిది పలకలు. ఇది షువే తావ్ కాలం నాటిది అనుకునేరు, కాదు. 1880ల చివర్లో కట్టింది. ఆమె గుర్తుగా ఊరు తర్వాత తర్వాత పోగు చేసుకున్న చోటు ఇది, ఆమె బతికిన ఇల్లు కాదు. అయినా ఏం తక్కువ కాలేదు. ఒక గణిక పేరు మీద వెయ్యేళ్ల తర్వాత కూడా ఒక నగరం మేడలు కట్టి, తోట పెంచి, తెల్లరాతి విగ్రహం నిలబెట్టి, సమాధిని మళ్లీ కట్టుకుందంటే ఆ అభిమానం మామూలుది కాదు. ఆ సమాధి 1994లో కట్టింది.

తోట నిండా వెదురే. వందకు పైగా రకాలు ఉన్నాయి. కాండం గుండ్రంగా కాకుండా పలకలుగా ఉండే వెదురు ఒకటుంది, చెయ్యి పెట్టి తిప్పి చూస్తే గానీ నమ్మలేం. కణుపుల దగ్గర బొజ్జలా ఉబ్బిన రకం ఇంకోటి. ఆమెకు వెదురంటే ఇష్టం, వాన వెలిసిన తర్వాత వెదురు మీద రాసిన పద్యం ఉంది. లోపల బోలుగా ఉన్నా తనను తాను నిలబెట్టుకోగలదనీ, మిగతావన్నీ వాడిపోయే కాలంలో చూస్తే దాని పచ్చదనం, కణుపుల గట్టిదనం తెలుస్తాయనీ అందులో అంటుంది. గైడ్ ఆ పద్యాన్ని ఆ పొదల మధ్యే ముందు చైనీస్‌లో చదివి, తర్వాత అర్థం చెప్పాడు. గొంతు బాగుంది, తొందరపడలేదు, మూలం వినిపించాలన్న ఆలోచన ఇంకా బాగుంది. భాష తెలియకపోయినా పాదం ఎక్కడ ఆగుతోందో చెవికి అందుతుంది. టూర్‌లో ఇలాంటివి ఇంకో రెండు పెడితే ఎంత బాగుండేదో.

తర్వాత బావి. చుట్టూ రాతి కట్టు, వెనక గోడకు పెద్ద అక్షరాల్లో "షువే తావ్ బావి" అని ఉంటుంది, ఆ రాత 17వ శతాబ్దపు నగరాధికారిది. ఈ నీళ్లతోనే ఆమె కాగితం చేసింది అని గైడ్ చెప్పాడు, గ్రూపులో అందరూ ఫోటోలు తీసుకున్నారు. నాకు తెలిసినంతవరకు ఆమె కాగితం చేయించింది ఊరికి పడమటి వైపున్న హువాన్‌హువా వాగు దగ్గర. ఈ బావి చాలా తర్వాతది, మింగ్ కాలంలో ఇక్కడి షు రాజవంశం వాళ్లు ఆమె కాగితానికి నకలు చేయించుకోవడానికి దీని నీళ్లు వాడారు, అలా ఆమె పేరు బావికి అంటుకుంది. నేను అడిగితే గైడ్ కాదనలేదు, "అవును, సింపుల్‌గా చెప్పడానికి అలా చెప్తాం" అన్నాడు. సింపుల్ చేయాల్సిన అవసరమే లేదు, అసలు సంగతే ఇంకా అందమైనది! చచ్చిపోయి ఏడెనిమిది వందల ఏళ్లయ్యాక రాజులు మనుషుల్ని కాపలా పెట్టి మరీ ఆమె కాగితాన్ని కాపీ కొట్టించారంటే అది చెప్పుకోదగ్గ విషయం కాదా? దీనికి తోడు మింగ్ కాలంలో రాసిపెట్టిన కథ ఒకటుంది. ఏటా మూడో నెల మూడో రోజున బావి నీళ్లు పొంగుతాయట, మంచి కాగితం తెచ్చి నీటి మీద అలా తాకిస్తే ఎర్రటి ముద్దొచ్చే రంగు పడుతుందట, కానీ ఏడాదికి పన్నెండు కాగితాలకే, అధికమాసం వచ్చిన ఏడు పదమూడుకి, ఆ తర్వాత ఎన్ని ముంచినా రంగు రాదట. అధికమాసం లెక్క మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కాబట్టి చెల్లికి ఈ కథ తెగ నచ్చేసింది.

టీ బాగుంది. వెదురు కుర్చీలు, మూత ఉన్న కప్పులో మల్లెపూల టీ, నీళ్లు అయిపోతే పోస్తూనే ఉంటారు. చుట్టూ పెద్దవాళ్లు మహ్‌జోంగ్ ఆడుకుంటూ ఉంటారు, గలగలా చప్పుడు. తినడానికి పొద్దుతిరుగుడు గింజలు తప్ప ఏమీ లేవు, ఆకలితో వెళ్లొద్దు.

అసలు చిరాకు ఇక్కడే మొదలైంది. టీ దగ్గర కూర్చోబెట్టి గైడ్ యువాన్ జెన్ కథ ఎత్తుకున్నాడు. 809లో యువాన్ జెన్ అనే కవి, తనిఖీ అధికారిగా సిచువాన్ వచ్చాడు. అతనికి ముప్పై, ఆమెకు నలభై ప్రాంతం. కలుసుకున్నారు, ప్రేమించుకున్నారు, కొన్ని నెలలకే అతను వెళ్లిపోయాడు, ఆమె ఎదురుచూసి ఎదురుచూసి చివరికి దావో సన్యాసిని బట్టలు కట్టుకుంది. ఇదీ కథ. టీ టైమ్ మొత్తం దీనికే పోయింది. ఫోన్‌లో సీరియల్ బొమ్మలు కూడా చూపించాడు. ఇద్దరి మధ్య పద్యాలు నడిచాయి, నిజమే, యువాన్ జెన్ ఆమెకు పంపిన పద్యం ఇప్పటికీ ఉంది. కానీ వాళ్లిద్దరూ నిజంగా ప్రేమికులేనా అని చైనా పండితులే అనుమానపడ్డారు. ఒకవేళ ప్రేమికులే అనుకున్నా, అరవై ఏళ్లు దాటి బతికిన మనిషి జీవితంలో అది కొన్ని నెలలు. మిగతా ఏళ్లన్నీ ఏమైపోయాయి?

నాకు ఇది ఇంత ఎందుకు పట్టిందంటే, గణికల సంగతి వచ్చినప్పుడల్లా ఇదే జరుగుతుంది. మన ముద్దుపళని విషయంలోనూ అంతే కదా, తంజావూరు ఆస్థానంలో ఆవిడ ఎంత చదువుకుందో, పద్యం ఎంత బిగువుగా నడిపిందో మాట్లాడేవాళ్లు తక్కువ, ఆవిడ ఎవరికి ఏమవుతుంది అని ఆరా తీసేవాళ్లు ఎక్కువ. ఐదు వేలు పెట్టి టూర్‌కి వచ్చినవాళ్లకైనా అంతకంటే మేలైనది దొరకాలి.

ఆ టైమ్‌లో చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయో చూడండి. వెయ్ గావ్ మొదలుకొని లీ దెయు దాకా పదకొండు మంది గవర్నర్లు మారారు, ప్రతి ఒక్కరూ ఆమెను పద్యం కోసం పిలిపించుకున్నారు. గవర్నర్ మారితే ఊళ్లో సగంమంది తలరాతలు మారే రోజుల్లో, రిజిస్టర్ ఆడమనిషి అన్నేళ్లు నిలబడిందంటే అందం వల్ల కాదు. వెయ్ గావ్‌కి ఆమె రాత ఎంత నచ్చిందంటే, ఆమెకు గ్రంథ పరిష్కర్త పదవి ఇమ్మని రాజధానికి రాయబోయాడని చెప్తారు. ఆస్థాన గ్రంథాలయంలో ప్రతులు పోల్చి తప్పులు దిద్దే చిన్న పదవే, కానీ పరీక్షలు గట్టెక్కిన మగవాళ్లకు దొరికేది. అది జరగలేదు. అయినా జనం ఆమెను "స్త్రీ పరిష్కర్త" అనే పిలిచారు, వాంగ్ జియాన్ అనే కవి ఆ పేరుతోనే ఆమె మీద పద్యం రాశాడు, సమాధి మీద కూడా అదే చెక్కారు. ప్రభుత్వం ఇవ్వని ఉద్యోగాన్ని ఊరు ఇచ్చింది.

అదే వెయ్ గావ్ ఒకసారి కోపం వచ్చి ఆమెను సోంగ్‌జౌకి తోలేశాడు. అది టిబెట్ వైపు కొండల్లో ఉన్న సరిహద్దు దండు. అక్కడి నుంచి ఆమె రాసి పంపిన పద్యం నాలుగే పాదాలు. సరిహద్దు ఊళ్లలో కష్టమని విన్నానుగానీ ఇక్కడికి వచ్చాకే తెలిసింది, మీ విందుల్లో పాడిన పాటలు ఈ కొండల్లో కాపలా కాసే కుర్రాళ్ల ముందు పాడాలంటే సిగ్గుగా ఉంది. అంతే. పైకి క్షమాపణ, గవర్నర్ చదువుకుంటే ఆయన గారి సభే సిగ్గుపడాలి. తిరిగి రానిచ్చారు. వచ్చాక రిజిస్టర్ నుంచి బయటపడి హువాన్‌హువా వాగు దగ్గర కాపురం పెట్టింది. ఆ పద్యాన్ని గైడ్ ఒక వాక్యంలో దాటేశాడు, శిక్ష పడింది, పద్యాలు రాసి క్షమాపణ అడిగింది అని.

ఇంకోటి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అసలు ప్రస్తావనకే రాలేదు. 829లో నాన్‌జావ్ రాజ్యం సైన్యం చెంగ్డు మీద పడి, ఊరు దోచి, వేలాదిమంది చేతిపనివాళ్లను పట్టుకుపోయింది. మరుసటి ఏడు లీ దెయు గవర్నర్‌గా వచ్చి రక్షణ ఏర్పాట్లు చక్కబెడుతూ, సరిహద్దు వ్యవహారాల కోసం ఒక ఎత్తైన మేడ కట్టించాడు. షువే తావ్‌కి అప్పటికి అరవై దాటాయి. ఆ మేడ మీద పద్యం రాసింది. మొదటి రెండు పాదాల్లో మేడను పొగిడింది, మబ్బులకూ పక్షులకూ సమానంగా నిలిచి పశ్చిమ సిచువాన్ నలభై జిల్లాలను అదుపులో పెట్టే మేడ అని. మూడో పాదంలో తిరిగింది. సేనాపతులారా, సరిహద్దు తెగ చియాంగ్ వాళ్ల గుర్రాల మీద ఆశ పెట్టుకోకండి, పై అంతస్తు ఎక్కితే సరిహద్దు కనిపిస్తోంది. అంటే మీ ఆశ వల్లే శత్రువు ఇంత దగ్గరకు వచ్చాడని. దాడి జరిగిన ఊళ్లో ఉండి, మారిన గవర్నర్లందరినీ చూసి, ఒక మాజీ గణిక సైన్యాధికారుల మొహం మీద అన్న మాట ఇది. ఇది వదిలేసి యువాన్ జెన్ ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసిందని చెప్తే ఎలా?

ఆమె పద్యాలు నాలుగైదు వందలు ఉండేవని చెప్తారు, మిగిలింది తొంభై ప్రాంతం. చేతిరాత కూడా గొప్పదని 12వ శతాబ్దం మొదట్లో సోంగ్ చక్రవర్తి తన సేకరణకు వేయించిన పట్టికలో రాశారు, అక్షరంలో ఆడతనం కనిపించదు, కుంచె బలంగా దూకుతుంది అని. ఆడతనం లేదు అనడం ఆ కాలంలో పొగడ్త, నాకు మింగుడుపడలేదు గానీ, ఆ లెక్కన కూడా ఆమెను పెద్ద లేఖకుల పక్కన కూర్చోబెట్టారు.

కాగితం క్లాసుకి వచ్చేసరికి మాత్రం నా కోపమంతా పోయింది. ఊరికి పడమర వైపు ఒక చిన్న వర్క్‌షాప్, నేర్పేది ఒక పెద్దావిడ, చైనీస్ తప్ప మాట్లాడదు, గైడ్ అనువదించాడు. ఇక్కడ అతను కూడా వేరే మనిషైపోయాడు, చక్కగా చెప్పాడు.

ముందు ఆవిడ రెండు కాగితాలు పెట్టింది, ఒకటి పెద్దది, ఒకటి అరచెయ్యి కంటే కాస్త పెద్దది. షువే తావ్ ఎక్కువగా రాసేది నాలుగు పాదాల పద్యాలు. అప్పట్లో వచ్చే కాగితం వెడల్పు, పద్యం ఒక మూలన పడి మిగతా అంతా ఖాళీ. వృథా ఎందుకని పనివాళ్లకు చెప్పి చిన్న సైజులో చేయించింది, దానికి ఎరుపు రంగు అద్దించింది. చూడటానికి చిన్న మార్పు. కానీ ఉత్తరం పంపడానికి, చేతిలో పట్టుకుని చదవడానికి, విందులో అక్కడికక్కడే రాసివ్వడానికి సరిపోయే కాగితం అది, ఊరంతా, తర్వాత దేశమంతా అడిగింది. 1637లో వచ్చిన థియాన్‌గోంగ్ కైవు అనే సాంకేతిక గ్రంథంలో దీని తయారీ ఉంది: అక్కడి ఫురోంగ్ చెట్టు బెరడును ఉడికించి గుజ్జు చేసి, ఆ పువ్వుల రసం కలిపి చేస్తారు, దీని అందం రంగులో ఉంది, సరుకులో కాదు అని. ఫురోంగ్ అంటే మందార జాతి చెట్టు, పువ్వు పొద్దున తెల్లగా విచ్చుకుని సాయంత్రానికి ఎర్రబడుతుంది. చెంగ్డు నగర పుష్పం అదే.

గుజ్జు తొట్టిలో ఉంది, చల్లటి నీళ్లలో విరిగిన పాలలా తేలుతూ. సన్నటి వెదురు పుల్లలతో అల్లిన చట్రాన్ని ముందుకు వంచి ముంచాలి, అడ్డంగా పెట్టి నెమ్మదిగా ఎత్తాలి. నేను ఎత్తితే ఒక పక్క దట్టంగా, ఇంకో పక్క చిల్లులుగా వచ్చింది. చెల్లి చేతికి వెంటనే పట్టుబడింది. "అక్కా, పైకి తీసేటప్పుడు ఆగకు, నీళ్లు కారిపోయేదాకా అటూ ఇటూ ఊపు" అని నాకే నేర్పింది. తడి కాగితాన్ని బోర్లించి, బరువు పెట్టి నీరు పిండి, వేడిగా ఉన్న గోడ పలక మీద బ్రష్‌తో అతికిస్తారు. ఆరి అంచు దానంతటదే లేస్తుంది, అప్పుడు లాగాలి, ముందే లాగితే చిరుగుతుంది.

రంగు వేయడం ఇంకా బాగుంది. ఎండబెట్టిన పువ్వుల్ని వేడినీళ్లలో నానబెట్టి గుడ్డలో వడగట్టిన రసం, అందులో కాస్త జిగురు. వెడల్పు కుంచెతో ఒక్క దిక్కులోనే, పలచగా, ఒక పూత ఆరాక ఇంకోటి. మొదటి పూతకి రంగు పడిందా లేదా అన్నట్టు ఉంటుంది. మూడో పూతకి గులాబీ. చెయ్యి మధ్యలో ఆపితే అక్కడ గీత పడిపోతుంది, మళ్లీ పోదు. కాగితాన్ని కిటికీకి ఎదురుగా పెట్టి చూస్తే లోపల నారపోగులు ఒక్కొక్కటి కనిపిస్తాయి, పోగు ఉన్నచోట రంగు కాస్త ముదురు. నేను అంతకుముందు చదివిన పద్యాలన్నీ ఇలాంటి ముక్క మీద, ఈ సైజులో రాసినవని చేతికి తెలిశాక వాటి పొట్టితనం నాకు వేరేగా అర్థమైంది. కవి తన పద్యం కొలతకు కాగితాన్ని కోయించుకోవడం, ఆ కాగితాన్ని తనే ఊరికి అలవాటు చేయడం. రాయడమూ వ్యాపారమూ పనితనమూ అన్నీ ఒక్క మనిషిలోనే. ఆమె బతుకుతెరువులో ఇది కూడా ఒకటని ఆవిడ చెప్పింది, నాకూ అదే నిజమనిపిస్తుంది.

క్లాసు గంటన్నర కూడా లేదు, అదే లోటు. రంగు పూర్తిగా ఆరకముందే కవర్‌లో పెట్టి ఇచ్చేశారు, నా దానికి మూల అంటుకుపోయింది. టీ దగ్గర పోయిన టైమ్ ఇక్కడ ఇచ్చి ఉంటే రాసుకోవడం కూడా అయ్యేది.

బయటికొచ్చాక టూర్ వాళ్లు తీసుకెళ్లే షాపు ఒకటుంది, అందులో "షువే తావ్ కాగితం" పేరుతో పది రంగుల పెట్టె 168 యువాన్లకు అమ్ముతున్నారు. కొనకండి. పది రంగుల కాగితం సోంగ్ కాలంలో షియే అనే ఆయన పేరు మీద ప్రసిద్ధి, షువే తావ్‌ది ముదురెరుపు ఒక్కటే అని పాత కాగితాల పట్టికలోనే ఉంది. పైగా ఆ పెట్టెలోవి మెషీన్ కాగితాలు, చెల్లి ఒకటి కొని ఫౌంటెన్ పెన్నుతో రాస్తే సిరా పాకిపోయి అక్షరం ఉబ్బింది, వెనక్కి దిగింది. అదే షాపులో లోపలి అరలో విడిగా ఎర్ర కాగితాలు, చేత్తో చేసినవి, ఇరవై షీట్ల కట్ట 60 యువాన్లకు ఉంది. అడిగితేనే తీస్తారు. కుంచెకు అద్భుతం, పెన్సిల్‌కు బాగుంది, జెల్ పెన్నుకు పర్వాలేదు, ఫౌంటెన్ పెన్ను మాత్రం వద్దు. ఎండ తగిలేచోట పెడితే రంగు వెలుస్తుందని షాపావిడే చెప్పింది, కాబట్టి ఫ్రేమ్ కట్టించాలనుకుంటే గోడ చూసుకుని కట్టించండి.

వెళ్లేవాళ్లకు కొన్ని మాటలు. అలీపే అనే పేమెంట్ యాప్‌లో మన కార్డు ముందే యాడ్ చేసుకుని వెళ్లండి, టీ దగ్గర, షాపులో అన్నీ స్కానింగే. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. ఫురోంగ్ పూసేది శరత్కాలంలో, సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ దాకా. ఆ రోజుల్లో వెళ్తే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే చెట్టును చూడండి. పెద్దవాళ్లతో వెళ్తే నడక ఇబ్బంది లేదు, కాగితం క్లాసులో మాత్రం నిలబడే ఉండాలి. పిల్లలు ఎనిమిదేళ్లు దాటితే బాగా ఎంజాయ్ చేస్తారు.

బుక్ చేసేటప్పుడే మెసేజ్ పెట్టండి: సోంగ్‌జౌ పద్యం, సరిహద్దు మేడ పద్యం రెండూ చైనీస్‌లో చదివి వినిపించాలి, కాగితం క్లాసుకి కనీసం రెండు గంటలు కావాలి, షాపు వద్దు అని. మా తర్వాత వెళ్లిన తెలిసినవాళ్లు ఇలాగే అడిగితే ఒప్పుకున్నారట, అదనంగా డబ్బులు కూడా తీసుకోలేదట. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ నాలుగులో మూడు కాగితం నేర్పిన ఆవిడవే.